గూబ గుయ్యిమన్నప్పుడు

"గూబ గుయ్యిమంటది, జాగ్రత్త!" అన్న మాట వినకుండా మా గోదావరి జిల్లాలలో పెరిగి పెద్దయినవారు ఉండరేమో. బడిలో అల్లరి చేసే పిల్లవానితో మాస్టారు అంటారు. తోటలో మామిడికాయలు రాల్చే కుర్రవాళ్ళతో కాపలా మనిషి అంటాడు. టీ కొట్టు దగ్గర స్నేహితులు పరిహాసానికి ఒకరినొకరు అనుకుంటారు. పత్రికలవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, కరెంటు బిల్లు చూసినా ఉల్లిపాయల ధర విన్నా సామాన్యుని గూబ గుయ్యిమన్నదని వ్రాస్తారు. ఇంతగా వాడుకలో నలిగిన మాటకు అర్థం కోసం ఎవరూ నిఘంటువు తెరవరు. చెంప మీద గట్టిగా కొడతాననో, కొట్టినంత పని అయిందనో దాని తాత్పర్యం.

ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో నాకు ఈ మాట మరొక విధంగా కూడా వినబడుతూ వచ్చింది. అక్కడ అది బెదిరింపు కాదు, హాస్యమూ కాదు. బల్ల ముందు కూర్చున్న రోగి చెవి మీద అరచేయి పెట్టుకొని, "నిన్న సాయంత్రం నుంచి గుయ్యిమంటందండి" అని చెప్పేవాడు. వాడుక మాటగా మనం తేలికగా అనేది అతని నోట వ్యాధి లక్షణమై వచ్చేది. ఆ మాటను, దాని వెనుక ఉన్న చెవి గాయాన్ని గురించి నాలుగు సంగతులు చెప్పడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

గూబ అంటే ఏమిటి?

గుడ్లగూబలోని గూబ పక్షి. మనం మాట్లాడుకుంటున్న గూబ చెవికి సంబంధించినది. చలికాలంలో పెద్దలు "గూబలు కప్పుకో" అన్నప్పుడు చెవులు, వాటి చుట్టూ ఉన్న భాగం అని అర్థం. "గూబల్లో పోటు" అన్నప్పుడు చెవి లోపలి నొప్పి అని అర్థం. శరీర నిర్మాణ శాస్త్రంలో ఉన్నట్లు దానికి నిర్దిష్టమైన హద్దులు లేవు. కాని రోగి గూబ అన్నప్పుడు ఏ వైద్యుడూ పొరబడడు. అతని చేయి చెవి మీదనే ఉంటుంది.

ఇక గుయ్యి. ఇది ధ్వన్యనుకరణ పదం. దెబ్బలకు సంబంధించి తెలుగులో ఇటువంటి పదాలు చాలా ఉన్నాయి. చెంప ఛెళ్ళుమంటుంది. వీపు మీద ధభీమని పడుతుంది. నెత్తి మీద ఠంగుమని మొట్టికాయ పడుతుంది. ఈ శబ్దాలన్నీ కొట్టినవానికి వినబడతాయి, పక్కన నిలబడి చూసినవారికి కూడా వినబడతాయి. గుయ్యి ఒక్కటే వేరు. దానిని కొట్టినవాడు వినలేడు, చూసినవాడు వినలేడు. దెబ్బ తిన్నవానికి మాత్రమే, అతని చెవి లోపల మాత్రమే అది వినబడుతుంది. దెబ్బల గురించి మనం వాడే మాటలలో అధిక భాగం కొట్టేవాని వైపునుంచి పుట్టినవి. ఇది మాత్రం పడినవాడు చెబితే తప్ప మరొకరికి తెలియడానికి వీలులేనిది. ఎవరో ఎప్పుడో దెబ్బ తిని, తన చెవిలో ఏమి వినబడిందో చెప్పారు. భాష ఆ సాక్ష్యాన్ని దాచుకొన్నది. మనం దానిని పట్టుకెళ్ళి బెదిరింపుకు, నవ్వుకు వాడుకుంటున్నాం.

వైద్యశాస్త్రంలో ఈ శబ్దాన్ని టిన్నిటస్ అంటారు. గంట మ్రోగడం అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. సుశ్రుతుడు చెప్పిన చెవి వ్యాధులలో కర్ణనాదం ఒకటి. మన వాడుకలో చెవి హోరు అంటాం. బయట ఏ శబ్దమూ లేకుండా చెవిలో ఈల, గంట, తుమ్మెద రొద వంటి ధ్వని వినబడడం దీని లక్షణం. దీనికి వయస్సు, పెద్ద శబ్దాలు, కొన్ని మందులు, చెవిలో గుమిలి పేరుకొనడం మొదలైన కారణాలెన్నో ఉన్నాయి. చెంపదెబ్బ వాటిలో ఒకటి.

చెవి లోపల ఏమున్నది?

బయటకు కనిపించే చెవి డొప్ప నుంచి లోపలికి సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవున సన్నని గొట్టం ఉంటుంది. అది శ్రవణ నాళం. దాని చివర అడ్డంగా పలుచని పొర కట్టి ఉంటుంది. అదే కర్ణభేరి. వెడల్పు ఒక సెంటీమీటరుకు కొంచెం తక్కువ. మందం మిల్లీమీటరులో సుమారు 10వ వంతు. భేరి అన్న పేరు దానికి తగినదే. డప్పు మీద చర్మంలాగా అది బిగిసి ఉండి, గాలిలోని శబ్ద తరంగాలకు కంపిస్తుంది.

కర్ణభేరికి వెనుక గాలితో నిండిన చిన్న గది మధ్య చెవి. అందులో కూటకం, దాగలి, అంకవన్నె అనే 3 చిన్న ఎముకలు గొలుసులాగా అమరి ఉంటాయి. మన శరీరంలో అన్నిటికంటె చిన్న ఎముక అంకవన్నె. ఈ గొలుసు కర్ణభేరి కంపనాలను లోపలి చెవికి చేరవేస్తుంది. కర్ణభేరి వైశాల్యం ఆ కంపనాలను అందుకొనే అండాకార గవాక్షం వైశాల్యానికి సుమారు 17 రెట్లు. అందువలన బలహీనమైన శబ్దం కూడా లోపలికి చేరేసరికి బలపడుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సుమారు 15,000 రోమ కణాలు ఉంటాయి. అవి కంపనాలను నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. కర్ణభేరికి తనను తాను బాగుచేసుకొనే శక్తి ఉన్నది. రోమ కణాలకు లేదు. మనుషులలో నశించిన రోమ కణాలు మళ్ళీ పుట్టవు.

చెంపదెబ్బ చెవిని ఎలా గాయపరుస్తుంది?

సైకిలు పంపు చివర వ్రేలితో మూసి పిడిని ఒక్కసారి నొక్కితే లోపలి గాలి ఎంత బలంగా తోస్తుందో అందరికీ తెలిసినదే. చాచిన అరచేయి చెవి మీద పడినప్పుడు జరిగేది అదే. అరచేతి గుంట చెవి రంధ్రాన్ని ఒక్క క్షణం మూతలాగా మూసివేస్తుంది. నాళంలోని గాలికి బయటకు పోయే దారి ఉండదు. ఆ గాలి ఒత్తిడి అంతా కర్ణభేరి మీద పడుతుంది. పొర చీలుతుంది. గాలి నింపిన కాగితపు సంచీని అరచేతితో కొడితే పగిలినట్లు పగులుతుంది. "గూబ పగిలిపోద్ది" అని మా ప్రాంతంలో అనేది ఈ విధంగా అక్షరాలా జరిగే పనే.

దీనికి పెద్ద బలం అవసరం లేదు. దెబ్బ చెక్కిలి మీద పడితే చర్మం ఎర్రబడి ఊరుకోవచ్చును. అదే దెబ్బ నాలుగు వ్రేళ్ళ వెడల్పు వెనుకకు జరిగి చెవిని కప్పితే కర్ణభేరి చిరగవచ్చును. చెంప మీదనే కొడదామనుకొన్నవాడు కూడా చెవి మీద కొట్టగలడు, ఎందుకంటే దెబ్బ పడబోతున్నవాడు సహజంగా ముఖం పక్కకు తిప్పుకుంటాడు. కొట్టేవారిలో ఎక్కువమంది కుడిచేతి వాటం వారు, ఎదురుగా నిలబడి కొడతారు. అందుచేత ఈ గాయం ఎడమ చెవికి ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక్కొక్కసారి దెబ్బ అదురు ఎముకల గొలుసును కదల్చవచ్చును, లోపలి చెవి వరకు పోయి రోమ కణాలను దెబ్బతీయవచ్చును. అప్పుడు కర్ణభేరి మానిన తరువాత కూడా వినికిడి లోపం, హోరు మిగిలిపోతాయి.

సినిమాలలో, నాటకాలలో చెంపదెబ్బ ఒక నవ్వుల సన్నివేశం. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ వంటివారిని చలనచిత్ర రంగానికి ఇచ్చిన ఊరు మా పాలకొల్లు. నవ్వును తప్పు పట్టేటంత నీరసం మా ఊరివారికి లేదు. అయితే తెరమీద దెబ్బలో చేయి ముఖానికి తగలదు, శబ్దం తరువాత కలుపుతారు. రంగస్థలం మీద అయితే ఎవరో ఒకరు చప్పట్లు చరిచి ఆ చప్పుడు పుట్టిస్తారు. అక్కడ ప్రేక్షకునికి ఛెళ్ళుమని వినబడుతుంది, నటునికి గుయ్యిమనదు. ఇంటిలో ఆ సౌకర్యం లేదు.

మాట వినని పిల్లలు

తెలుగులో వినడం అన్న క్రియకు రెండు అర్థాలు ఉన్నాయి. చెవితో వినడం ఒకటి, చెప్పినట్లు నడుచుకోవడం రెండవది. "మా వాడు మాట వినడండి" అని తల్లి చెప్పినప్పుడు ఆమె ఉద్దేశం రెండవ అర్థమే అయి ఉంటుంది. వైద్యుడు మొదటి అర్థాన్ని కూడా ఆలోచించవలసి ఉంటుంది.

సుమారు 9 సంవత్సరాల పిల్లవానిని ఒక తల్లి తీసుకొని వచ్చింది. చెవిలో చీము కారుతున్నది. "వాళ్ళ నాన్న నెల కిందట ఒకటిచ్చారండి. రెండు రోజులు గుయ్యిమంటందన్నాడండి. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశానండి. అప్పటి నుంచి అసలు మాటే వినడం లేదండి" అన్నది. కొట్టినందుకు వాడికి కోపం వచ్చి మొండికి వేశాడని ఆమె అభిప్రాయం. బడిలో కూడా పిలిస్తే పలకడం లేదని మాస్టారు మళ్ళీ కొట్టారట. చీము తుడిచి చూస్తే ఎడమ కర్ణభేరికి చిల్లు ఉన్నది. శృతిదండం మ్రోగించి నుదుటి నడుమ ఆన్చినప్పుడు పిల్లవాడు ఎడమ చెవి వైపు ఎక్కువగా వినబడుతున్నదని చూపించాడు. శబ్దం లోపలికి చేరే దారిలో అడ్డంకి ఉన్నదని దాని అర్థం. వాడిలో మొండితనం లేదు. ఎడమవైపు నుంచి పిలిస్తే వాడికి సరిగా వినబడదు.

చెవి వైద్య నిపుణుని వద్దకు పంపించాను. చీము తగ్గింది కాని చిల్లు పూడలేదు. తరువాత శస్త్రచికిత్స జరిగింది. కణత మీది కండరాన్ని కప్పి ఉండే పలుచని పొరనుంచి ముక్క తీసి కర్ణభేరికి అతుకు వేశారు. వినికిడి చాలా వరకు తిరిగి వచ్చింది. కాని ఆ విద్యా సంవత్సరం పిల్లవాడు చదువులో వెనుకబడిపోయాడు.

ఒక చెవి వినికిడి తగ్గినా రెండవ చెవి ఉన్నది కదా అని చాలామంది అనుకుంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది కొంతవరకు నిజమే. అరవైమంది పిల్లలు ఉన్న తరగతి గదిలో పనికిరాదు. శబ్దం ఏ దిక్కునుంచి వస్తున్నదో పోల్చుకోవడానికి, రొదలోనుంచి ఒక మాటను వేరు చేసి వినడానికి రెండు చెవులూ కావాలి. రోడ్డు మీద వెనుకనుంచి వచ్చే మోటారు సైకిలు ఏ పక్కనుంచి వస్తున్నదో తెలియడానికి కూడా రెండు చెవులూ కావాలి. మాట వినలేదని కొట్టడం, కొట్టినందువలన వినబడకపోవడం, వినబడనందువలన మళ్ళీ కొట్టడం, ఇలా చక్రం తిరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు దానిని ఆపాలి.

మట్ట పడిందండి

పిల్లలు నిజం చెప్పేస్తారు. పెద్దవారు, ముఖ్యంగా స్త్రీలు, చెప్పరు. "తలుపు తగిలిందండి", "మెట్ల మీద జారానండి" అంటారు. మా కొబ్బరితోటల ప్రాంతంలో ఇంకొక కారణం సిద్ధంగా ఉంటుంది. ఒకామె "కొబ్బరి మట్ట పడిందండి" అన్నది. పక్కనే భర్త నిలబడి ఉన్నాడు. కొబ్బరి మట్ట మనిషి తల పక్కన పడితే చెవి డొప్ప చీరుకుపోతుంది, మెడ మీద, భుజం మీద గీతలు ఉంటాయి. ఆమె చెవి డొప్ప మీద గోటి గీత కూడా లేదు. లోపల కర్ణభేరి మాత్రం చీలి, అంచుల వెంట రక్తం గడ్డకట్టి ఉన్నది. పైన గాయం లేకుండా గాలి ఒత్తిడి వలన మాత్రమే చిరిగిన కర్ణభేరి అది. మట్టకు అరచేయి ఉండదు.

భర్తను మందుల కోసం పంపించి, నర్సు మాత్రం గదిలో ఉండగా, "అమ్మా, చెవిలో ఏమని వినబడుతున్నది?" అని అడిగాను. ఎవరు కొట్టారని అడగలేదు. ఆమె కొంచెంసేపు ఊరుకొని, "గుయ్యిమంటందండి" అన్నది. తరువాత మిగిలినదంతా తానే చెప్పింది. పోలీసు ఫిర్యాదు వద్దన్నది. ఆమె ఇష్టానికి విరుద్ధంగా బలవంతపెట్టలేదు. గాయాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఆసుపత్రి కాగితాలలో వ్రాసి, ఎప్పుడైనా అవసరమైతే ఆ కాగితం పనికివస్తుందని చెప్పాను. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 చట్టం ప్రకారం బాధితురాలు కోరితే వైద్య సహాయాన్ని ఏ వైద్యశాలా నిరాకరించకూడదు. మహిళల సహాయానికి 181, పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నంబర్లు ఉన్నాయి. వీటిని ఇంటిలోని ప్రతివారూ గుర్తుంచుకోవాలి.

లక్షణాలు

కర్ణభేరి చిరిగినప్పుడు ఒక్కసారిగా పదునైన నొప్పి వస్తుంది. అది త్వరగానే తగ్గిపోవచ్చును. నొప్పి తగ్గింది కనుక గాయం లేదనుకోకూడదు. చెవి దిబ్బడ వేసినట్లుంటుంది, వినికిడి తగ్గుతుంది, హోరు ఉంటుంది. కొద్దిగా రక్తం రావచ్చును. ముక్కు చీదినప్పుడు చెవినుంచి గాలి సూయిమని పోవచ్చును.

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా చెవి వైద్య నిపుణులు ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. తల తిరుగుతూ నిలబడలేకపోవడం, ఆగని వాంతులు, వినికిడి పూర్తిగా పోవడం, ముఖం ఒక వైపు వాలిపోవడం, చెవినుంచి నీరులాంటి ద్రవం కారడం, ఎక్కువ రక్తస్రావం, మగత. నీరులాంటి ద్రవం కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చును. పుర్రె అడుగుభాగం చిట్లినదేమో చూడవలసి ఉంటుంది.

చేయవలసినవి, చేయకూడనివి

మొదటి సూత్రం చెవిని పొడిగా ఉంచడం. దెబ్బ వలన చిరిగిన కర్ణభేరులు 10లో 8కి పైగా ఏ చికిత్స లేకుండానే కొన్ని వారాలనుంచి 3 నెలలలోపు మానిపోతాయి. వాటిని మాననివ్వకుండా చేసేది చాలావరకు మన వైద్యమే.

నూనె పోయకూడదు. కొబ్బరినూనె, ఆముదం, వెల్లుల్లి నూనె, పసరులు, తల్లిపాలు, ఏదీ పోయకూడదు. చిల్లు ఉన్న చెవిలో పోసినది మధ్య చెవిలోకి దిగి, తనతోపాటు సూక్ష్మజీవులను తీసుకొనిపోతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న చుక్కల మందు కూడా వేయకూడదు. వాటిలో కొన్ని లోపలి చెవికి హాని చేస్తాయి. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్లలతో శుభ్రం చేయకూడదు.

తలస్నానం చేసేటప్పుడు కొద్దిగా వాజలైను రాసిన దూది ఉండను చెవి రంధ్రం ముఖద్వారం వద్ద పెట్టుకొని, స్నానం కాగానే తీసివేయాలి. కాలువలో, చెరువులో ఈత మానాలి. వేసవి సెలవులలో డెల్టా పిల్లలకు కాలువ ఈత ఎంత ఇష్టమో నాకు తెలుసును. చెవి మానిందని వైద్యుడు చెప్పేవరకు గట్టున కూర్చోవలసినదే. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వచ్చినప్పుడు నోరు తెరిచి తుమ్మాలి.

నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చును. చీము లేనప్పుడు యాంటీబయాటిక్ మందులు అవసరం లేదు. వైద్యుడు చెవి చూసి, వినికిడి పరీక్ష చేయిస్తారు. 3 నెలల తరువాత కూడా చిల్లు పూడకపోతే అతుకు వేసే శస్త్రచికిత్స చేస్తారు. లోపలి చెవికి దెబ్బ తగిలి వినికిడి తగ్గినట్లయితే చికిత్స తొందరగా మొదలుపెట్టడం మంచిది. కనుక నాలుగు రోజులు చూద్దాం అని ఊరుకోకూడదు.

దెబ్బలకు మనం పెట్టుకొన్న పేర్లు

మన భాషలో దెబ్బలకు ఎంత ముద్దైన పేర్లు ఉన్నాయో చూడండి. చెంప మీద పడితే లెంపకాయ, నడినెత్తి మీద వ్రేళ్ళ కణుపులతో కొడితే మొట్టికాయ, తల మీద అరచేతితో కొడితే జెల్లకాయ. చెట్టునుంచి కోసుకొన్నట్లు అన్నీ కాయలే. దెబ్బ తింటాం, కొట్టేవాడు ఒకటి ఇచ్చుకుంటాడు. తినడం, ఇవ్వడం అన్న మాటలు విందు భోజనానికి వాడేవే. బడితతో బాదితే బడితెపూజ. గుంపు కలిసి దొంగ అనుకొన్నవానిని కొడితే పత్రికలో దేహశుద్ధి.

ఈ మాటలన్నీ చెడ్డవని అనడం లేదు. గుడిలో తప్పు క్షమించమని లెంపలు వేసుకుంటాం, వినాయకుని ముందు కణతల మీద మెల్లగా మొట్టుకొని గుంజీళ్ళు తీస్తాం. మా క్షీరారామంలో అయినా మరెక్కడైనా ఆ చేయి తనదే, ఆ చెంప తనదే. ఎంత బలంగా కొట్టుకోవాలో తెలిసినది కూడా తనకే. చేయి ఒకరిది, చెంప మరొకరిది అయినప్పుడు ఆ లెక్క ఉండదు.

దేహశుద్ధి అన్న మాట దగ్గర మాత్రం వైద్యునిగా ఒక హెచ్చరిక చేయక తప్పదు. కర్రలతో తొడల మీద, పిరుదుల మీద చాలాసేపు కొట్టినప్పుడు ఎముకలు విరగకపోవచ్చును. ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపివేస్తారు. కాని నలిగిన కండరాలనుంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి విడుదలై మూత్రపిండాలను దెబ్బతీయగలదు. 1941లో లండను నగరం మీద బాంబులు పడినప్పుడు శిథిలాల క్రింద నలిగినవారిలో బైవాటర్స్ అనే వైద్యుడు దీనిని వివరించాడు. కర్రదెబ్బలకు కూడా ఇదే జరుగుతుంది. దెబ్బలు తిన్నవానికి మూత్రం తగ్గినా, టీ డికాషను రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. సకాలంలో సెలైను ఎక్కిస్తే మూత్రపిండాలను కాపాడవచ్చును. శుద్ధి అన్న పేరు పెట్టినందువలన ఆ మనిషి గాయపడ్డాడన్న సంగతి చుట్టూ ఉన్నవారికి తోచదు. అదే ఆ మాటతో వచ్చే ప్రమాదం.

నెలల పిల్లలను ఏడుపు ఆపడం లేదని పట్టుకొని కుదపడం దెబ్బ క్రిందకు రాదని కొందరు అనుకుంటారు. దానివలన మెదడులో రక్తస్రావం జరిగి ప్రాణం పోవచ్చును. ఏడుపు భరించలేనప్పుడు బిడ్డను మంచం మధ్య వెల్లకిలా పడుకోబెట్టి, వేరొకరికి అప్పగించి, కాసేపు పక్కకు వెళ్ళడం మేలు.

చట్టం ఏమంటున్నది?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. స్వీడన్ దేశం 1979లోనే ఇంటిలో తల్లిదండ్రులు కొట్టడాన్ని కూడా నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అది. పెద్దల మధ్య కొట్లాటల విషయానికి వస్తే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షను, అంతకుముందు భారత శిక్షాస్మృతి 320వ సెక్షను, ఏ ఒక్క చెవికైనా శాశ్వతంగా వినికిడి పోయినట్లయితే దానిని తీవ్ర గాయంగా పరిగణిస్తాయి. "ఒక్క లెంపకాయే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. చెవి మానుతుందో లేదో తెలియడానికి వారాలు పడుతుంది కనుక, గాయపడినవారు మొదటి రోజు చూపించుకోవడంతో సరిపెట్టక మానేవరకు వినికిడి పరీక్షలు చేయించుకొని ఆ కాగితాలు దాచుకోవాలి.

పిల్లలను దండించకుండా పెంచడం ఎలాగన్న ప్రశ్నకు చెవి వ్యాధుల వ్యాసంలో జవాబు పూర్తిగా చెప్పలేను. చేయి ఎత్తకుండా ఉండడమే ఉత్తమం అని మాత్రం నా అభిప్రాయం. ఎత్తిన చేయి ఎక్కడ పడుతుందో ఎత్తినవారి స్వాధీనంలో ఉండదని ఇన్నేళ్ళలో చాలా చెవులు చూసి తెలుసుకొన్నాను.

ఇంటిలో ఎవరి చెవి మీదనైనా దెబ్బ పడితే, కోపతాపాల పంచాయితీ తరువాత చేసుకోవచ్చును. ముందుగా ఆ మనిషిని చెవిలో ఏమైనా వినబడుతున్నదా అని అడగండి. గుయ్యి అన్నది ఆ ఒక్కరికే వినబడుతుంది, అడగకపోతే మనకు తెలియదు. పిల్లవాని వెనుక నిలబడి ఒక్కొక్క చెవి వైపునుంచి మెల్లగా ఒక మాట చెప్పి, తిరిగి చెప్పమనండి. పెద్దవారైతే ఫోను ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటున్నారేమో గమనించండి. తేడా కనిపిస్తే నూనె సీసా తీయకుండా, చెవి పొడిగా ఉంచి, మరునాడు ఉదయమే దగ్గరలోని చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి.